బొగ్గు గ్యాసు నుంచి కవాస్ దాకా: నగర వాయువు నడిచిన దారి

1857 జులైలో, ఉత్తరాదిన సిపాయీల తిరుగుబాటు ఇంకా చల్లారకముందే, కలకత్తా వీధుల్లో గ్యాసు దీపాలు వెలిగాయి. అంతకు నాలుగేళ్ళ ముందు పుట్టిన ఓరియంటల్ గ్యాస్ కంపెనీ గాలి చొరబడని బట్టీల్లో బొగ్గును కాచి, అందులోంచి వచ్చిన వాయువును కడిగి, ఇనుప గొట్టాల్లో ఊరి మీదికి పంపింది. ఆ గొట్టాల్లో పారినదానిలో దాదాపు సగం హైడ్రోజనే. 2023 జనవరిలో సూరత్ పక్కన కవాస్‌లో వంటగ్యాసులో ఐదు శాతం హైడ్రోజన్ కలిపినప్పుడు అది దేశంలో తొలి అడుగని పత్రికలు రాశాయి. సూర్యరశ్మితో, నీటితో పుట్టిన గ్రీన్ హైడ్రోజన్ వరకు ఆ మాట నిజమే. కాని ఊరి గొట్టాలకు హైడ్రోజన్ కొత్తది కాదు. నూరేళ్ళకు పైగా అక్కడే కాపురం ఉంది. సహజవాయువు రాగానే చోటు ఖాళీ చేసింది. ఇప్పుడు వేరే పుట్టుకతో తిరిగి వస్తోంది. ఈ రాకపోకలు ఎందుకు జరిగాయో తెలియాలంటే కలకత్తా కన్నా ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి.

ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతపు రెడ్రూత్ అనే గని పట్టణంలో విలియం మర్డాక్ 1792లో తన ఇంటిని బొగ్గు గ్యాసుతో వెలిగించుకున్నాడు. ఆయన బౌల్టన్–వాట్ కంపెనీ తరఫున గనుల్లో ఆవిరి యంత్రాలు బిగించే ఇంజనీరు. ఫ్రాన్సులో ఫిలిప్ లెబోన్ ఆ దశాబ్దం చివరిలో కట్టెలనుంచి గ్యాసు తీసే పద్ధతికి పేటెంటు తెచ్చుకున్నాడు. అయితే ఈ ఇద్దరి ఆలోచనా ఒక్కొక్క ఇంటికి, ఒక్కొక్క కర్మాగారానికి ఒక్కొక్క బట్టీ దగ్గరే ఆగింది. ఊరి చివర ఒకే గ్యాసు కర్మాగారం కట్టి, వీధుల కింద గొట్టాలు పరిచి, ఇంటింటికీ వాయువు అమ్మాలన్న ఊహ ఫ్రెడరిక్ విన్సర్‌ది. రసాయనశాస్త్రం ఆయనకు అంతంతమాత్రమే. హంగామా మాత్రం బాగా తెలుసు. 1807లో లండన్‌లోని పాల్ మాల్ వీధిలో దీపాలు వెలిగించి జనాన్ని విస్మయపరిచాడు. 1812లో గ్యాస్ లైట్ అండ్ కోక్ కంపెనీకి రాజు అనుమతి పత్రం వచ్చింది. శామ్యూల్ క్లెగ్ వంటి ఇంజనీరు చేయి పడ్డాక ఆ ఊహ నిజంగా పనికొచ్చే వ్యవస్థ అయింది. 1813 డిసెంబరు 31న వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీద గ్యాసు దీపాలు వెలిగాయి. నేను మాత్రం నగర గ్యాసు చరిత్రలో అసలు మలుపు దీపం కాదు, గొట్టం అంటాను. దీపాలు పోయాయి, బట్టీలు పోయాయి, గొట్టం మిగిలింది. గొట్టంలోని సరుకు మాత్రం ఎన్నోసార్లు మారింది.

బొగ్గు గ్యాసును ఇప్పటి కళ్ళతో చూస్తే వింతైన మిశ్రమం. సుమారు సగం హైడ్రోజన్, మూడో వంతు మీథేన్, పది శాతానికి కాస్త అటూ ఇటుగా కార్బన్ మోనాక్సైడ్. మిగిలిన కొద్దిలో నైట్రోజన్, బరువైన హైడ్రోకార్బన్లు. ఆ చివరి కొద్దిపాటివే మొదట్లో దాని విలువంతా. హైడ్రోజన్ మంటకు వెలుగు ఉండదు. బరువైన హైడ్రోకార్బన్ల మసి రేణువులు ఎర్రగా కాలితేనే దీపానికి వెలుగు వచ్చేది. కార్బన్ మోనాక్సైడ్ విషం. లీకైన గదిలో నిద్రపోయినవాళ్ళు మళ్ళీ లేవకపోవడం ఆ కాలపు పత్రికల్లో తరచూ కనిపించే వార్త. 1855 నాటికి రాబర్ట్ బున్సెన్ ప్రయోగశాలలో గ్యాసుకు ముందే గాలి కలిపి కాల్చే బర్నరు వచ్చింది. దాంతో వెలుగు తగ్గి వేడి పెరిగింది. మన వంటింటి స్టవ్వు మీద నీలిమంట ఆ బర్నరు సంతానమే. 1885లో కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ మాంటిల్ కనిపెట్టాక మసితో పనిలేకుండా, వేడిమంట లోపల ఉంచిన జాలీ తెల్లగా వెలగసాగింది. ఆ జాలీకి కావలసిన థోరియం మోనజైట్ ఇసుకలో దొరుకుతుంది. 1909లో తిరువాన్కూరు తీరంలో ఆ ఇసుకను ఒక జర్మన్ రసాయనవేత్త గుర్తించాక ఐరోపా దీపాలకు కేరళ ఇసుక మేత అయింది. మన పెళ్ళి ఊరేగింపుల్లో తలమీద పెట్టుకుని నడిచిన పెట్రోమాక్స్ లైట్లలో వెలిగిందీ ఆ జాలీయే. అందులో గ్యాసు కాదు, కిరసనాయిలు ఆవిరి మండేది.

కలకత్తా తరవాత బొంబాయి. 1865 అక్టోబరులో అక్కడ ఎస్ప్లనేడ్, చర్చ్‌గేట్ వీధి, భేండీ బజార్ దారుల్లో గ్యాసు దీపాలు పెట్టారు. దీపాలు వెలిగించేవాళ్ళు ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పోతుంటే జనం వాళ్ళ వెంట గుంపులు గుంపులుగా నడిచారని అప్పటి రాతల్లో ఉంది. లాల్‌బాగ్‌లో గ్యాసు కర్మాగారం వెలసింది. అప్పట్లో గ్యాసు అంటే వీధిదీపమే. వంటకు దాన్ని వాడినవాళ్ళు దొరలు, పెద్ద హోటళ్ళు, ఆసుపత్రులు, కాలేజీ ప్రయోగశాలలు. మన వైపు పట్టణాలు ఎక్కువగా ఈ అంచెను దాటేశాయి. కిరసనాయిలు దీపాల నుంచి సరాసరి కరెంటు బుడ్డీకి వచ్చాయి. కలకత్తాలో 1890ల చివరికి కరెంటు రాగానే గ్యాసు కంపెనీకి దీపాల వ్యాపారం క్రమంగా చేజారింది. అదే అదనుగా గ్యాసు వంటింట్లోకి, కర్మాగారంలోకి మళ్ళింది. స్వాతంత్ర్యం వచ్చాక పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆ వ్యవస్థను తన చేతుల్లోకి తీసుకుని, దుర్గాపూర్ కోక్ బట్టీల గ్యాసును గొట్టం ద్వారా కలకత్తాకు తెచ్చుకుంది. తరవాత 1990 ప్రాంతంలో దన్‌కుని బొగ్గు సముదాయం ఆ పని అందుకుంది. అంటే మిగతా ప్రపంచం చాలావరకు సహజవాయువుకు మారిపోయిన తరవాత కూడా ఆ మహానగరపు కొన్ని పొయ్యిల మీద హైడ్రోజన్ పాలు ఎక్కువగా ఉన్న బొగ్గు గ్యాసే వెలిగింది. హాంకాంగ్‌లో ఇవాళ్టికీ అదే తీరు. 1862లో మొదలైన అక్కడి టౌన్‌గ్యాస్ కంపెనీ ఇప్పుడు బొగ్గు బదులు నాఫ్తా, సహజవాయువు వాడుతున్నా, ఇళ్ళకు పంపే గ్యాసులో దాదాపు సగం హైడ్రోజనే ఉంటుంది. సింగపూర్ టౌన్ గ్యాసులోనూ హైడ్రోజన్ పాలు ఎక్కువే. హైడ్రోజన్ వంటింట్లోకి వస్తే కొంప అంటుకుంటుందని భయపడేవారు ఆ రెండు నగరాలను ఒకసారి తలచుకోవచ్చు.

ఇదే కాలంలో ఇంకో పాయ వేరుగా సాగింది. 1800లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు ఆంగ్లేయులు వోల్టా బ్యాటరీ తీగలను నీళ్ళలో ముంచి నీటిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టారు. కరెంటు చవకగా దొరికే రోజు వచ్చేదాకా అది ప్రయోగశాల వింతగానే మిగిలింది. 1923లో కేంబ్రిడ్జిలో చేసిన ప్రసంగంలో జె.బి.ఎస్. హాల్డేన్ బ్రిటన్‌లో బొగ్గు అయిపోయే నాటికి దేశమంతటా గాలిమరలు నిలుస్తాయని, గాలి వీచినప్పుడు మిగిలే కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను ద్రవంగా భూగర్భ తొట్లలో దాచుకుంటారని ఊహించాడు. అందుకు నాలుగు వందల ఏళ్ళు పడుతుందని కూడా లెక్క కట్టాడు. ఆ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన ఇక్కడ ఉండగానే పంజాబ్‌లోని నంగల్‌లో ఆయన కల ఒక మేరకు పనిలోకి దిగింది. భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఆ హైడ్రోజన్‌తో ఎరువులకు అమ్మోనియా తయారు చేశారు. 1962లో పక్కనే భారజల కర్మాగారం కూడా పనిలోకి వచ్చింది. ఇవాళ మనం గ్రీన్ హైడ్రోజన్ అని కొత్త సరుకులా చూస్తున్నదాన్ని అరవై ఏళ్ళ కిందట మన ఇంజనీర్లు టన్నుల లెక్కన తీశారు. పంజాబ్ పొలాలకు, ఊళ్ళకు కరెంటు గిరాకీ పెరిగాక అంత కరెంటును నీళ్ళు విడగొట్టడానికి ఖర్చు చేయడం భారమైంది. నూనె, సహజవాయువుల నుంచి హైడ్రోజన్ తీయడం చవకైంది. నంగల్ దారి మూసుకుపోయింది. ఈ దేశపు హైడ్రోజన్ చరిత్ర రాసేవాళ్ళు నంగల్‌ను ఒక్క వాక్యంలో దాటేయడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

హైడ్రోజన్‌ను నగరం నుంచి వెళ్ళగొట్టింది ఉత్తర సముద్రం. 1965లో బ్రిటన్ తీరానికి ఆవల వెస్ట్ సోల్ దగ్గర సహజవాయువు బయటపడింది. దాదాపు పూర్తిగా మీథేన్. విషం లేదు, బొగ్గు కాచే పని లేదు, ఘనపు మీటరుకు బొగ్గు గ్యాసు కన్నా రెట్టింపు వేడి. అయితే ఒక చిక్కు వచ్చింది. హైడ్రోజన్ మంట చురుకైనది, మీథేన్ మంట నిదానమైనది. బొగ్గు గ్యాసుకు చేసిన బర్నరు మీద సహజవాయువు వెలిగిస్తే మంట చిల్లులను వదిలి పైకి లేచి ఆరిపోతుంది. కాబట్టి మార్చవలసింది గొట్టాలను కాదు, పొయ్యిలను. 1967 నుంచి 1977 దాకా పదేళ్ళపాటు బ్రిటన్‌లో మెకానిక్కులు వీధి వెంట వీధి ఇంటింటికీ వెళ్ళారు. ముందుగా వచ్చి ఎవరింట్లో ఏ కంపెనీ పొయ్యి ఉందో, హీటరు ఏదో రాసుకునేవారు. అనుకున్న రోజున ఆ వాడకు గ్యాసు కట్టేసి, గొట్టాల్లో మిగిలిన పాత వాయువును బయటికి కాల్చేసి, కొత్తది నింపి, పొయ్యికి చిన్న రంధ్రాల జెట్టు, కొత్త బర్నరు బిగించి, మంట నిలిచిందో లేదో చూసి వెళ్ళేవారు. అలా సుమారు 4 కోట్ల ఉపకరణాలు మారాయి. దాన్ని పెద్ద సాంకేతిక విజయంగా చెప్పుకుంటారు. నా దృష్టిలో అది అంతకన్నా పెద్ద సామాజిక విజయం. ప్రభుత్వపు మనిషిని ఒక దేశమంతా వంటింట్లోకి రానిచ్చింది.

మన దేశంలో ఆ మార్పు అంత బాధ పెట్టలేదు. మార్చడానికి పాత గొట్టాలు, పాత పొయ్యిలు ఎక్కువగా లేవు గనక. 1956లో ఓఎన్‌జీసీ పుట్టింది. 1960లో గుజరాత్‌లోని అంక్లేశ్వర్‌లో చమురు పడితే నెహ్రూ ఆ బావికి వసుధార అని పేరు పెట్టాడు. చమురుతోపాటు వచ్చిన గ్యాసు మొదట బరోడా కర్మాగారాలకు వెళ్ళింది. 1972లో వడోదర నగరంలో ఇళ్ళకు గొట్టాల ద్వారా సహజవాయువు అందింది. దేశంలో ఇంటింటి సహజవాయువుకు అది ఆరంభం. 1974లో సాగర్ సమ్రాట్ రిగ్గు బాంబే హైని కనిపెట్టింది. 1984లో గెయిల్ ఏర్పడి, సూరత్ దగ్గరి హజీరా నుంచి మధ్యప్రదేశ్‌లోని విజయపూర్ మీదుగా ఉత్తరప్రదేశ్‌లోని జగదీశ్‌పూర్ దాకా హెచ్‌వీజే గొట్టాన్ని వేసింది. ఎరువుల కర్మాగారాలకూ విద్యుత్ కేంద్రాలకూ తొలి వాటా. వంటింటి వంతు చాలా తరవాత వచ్చింది. తాపీ నది ముఖద్వారంలోని సూరత్‌లో రంగుల అద్దకం మిల్లులు, నేత పరిశ్రమ బాయిలర్లకు గ్యాసు కోరాయి. అక్కడ గుజరాత్ గ్యాస్ కంపెనీ పెద్దదవుతూ వచ్చింది. 1997లో బ్రిటిష్ గ్యాస్ చేతికి, 2013 నాటికి గుజరాత్ ప్రభుత్వపు జీఎస్‌పీసీ చేతికి మారింది. ఢిల్లీలో సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన ఆదేశంతో బస్సులు సీఎన్‌జీకి మారాయి. 2006 చట్టంతో పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి వచ్చి, ఊళ్ళకు గ్యాసు గొట్టాలు వేసే హక్కును వేలం పాటతో ఇవ్వడం మొదలుపెట్టింది.

తెలుగువాళ్ళకు ఈ కథలో వాటా రెండు రకాలుగా వచ్చింది, ఒకటి లాభంగా, ఒకటి నొప్పిగా. వంటింట్లో గ్యాసు అంటే మనకు గొట్టం కాదు, బండ. బుక్ చేసిన బండ వీధిలోకి ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి కూర్చున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం ఆ బండను పల్లెల్లోని కట్టెల పొయ్యిల దగ్గరికి తీసుకెళ్ళింది. గ్యాసు నిధి మాత్రం మన కాళ్ళ కిందే ఉంది. 1978లో నరసాపురం బావితో కృష్ణా–గోదావరి బేసిన్‌లో వాయువు జాడ తెలిసింది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నిప్పంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఆ మంటను కోనసీమ మరచిపోలేదు. 2002లో కాకినాడకు ఎదురుగా సముద్రంలో రిలయన్స్ డీ6 క్షేత్రం బయటపడింది. 2009 నుంచి ఆ గ్యాసు గాడిమొగ దగ్గర ఒడ్డుకెక్కి, సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టం పట్టుకుని గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్ళింది. మన గ్యాసు మనకు ముందు ఇవ్వకుండా పడమటికి తరలిస్తున్నారన్న గొడవ అప్పట్లో సభల్లో, వీధుల్లో వినిపించింది. ఆ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. డీ6 ఉత్పత్తి పడిపోయాక గోదావరి జిల్లాల్లోనూ కొండపల్లిలోనూ కట్టిన గ్యాసు విద్యుత్ కేంద్రాలు ఏళ్ళ తరబడి నిలిచిపోయాయి. 2014 జూన్ 27న నగరం అనే గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గొట్టం మీద నమ్మకం కుదరడానికి తరాలు పడుతుంది, పోవడానికి ఒక్క తెల్లవారుజాము చాలు. హైదరాబాద్, విజయవాడల్లో 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్, ఆ తరవాత గోదావరి జిల్లాల్లో వచ్చిన గోదావరి గ్యాస్, కృష్ణా జిల్లాలో మేఘా, ఈ సంస్థలన్నీ ఇంటి తలుపు తట్టేటప్పుడు ఆ జ్ఞాపకానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఇంతలో ఐరోపాలో వాతావరణ భయం పెరిగి, హైడ్రోజన్‌ను గొట్టాల్లోకి మళ్ళీ పిలిచారు. నెదర్లాండ్స్‌లోని అమెలాండ్ ద్వీపంలో 2007 నుంచి కొన్ని ఇళ్ళకు 20 శాతం దాకా కలిపి చూశారు. ఫ్రాన్సులో డంకర్క్ పక్కన, ఇంగ్లండులో కీల్ విశ్వవిద్యాలయపు సొంత గొట్టాల్లో, ఆ తరవాత గేట్స్‌హెడ్ దగ్గరి విన్లాటన్ గ్రామంలో 668 ఇళ్ళకు అదే పాళ్ళలో కలిపారు. ఆస్ట్రేలియాలో అడిలైడ్ శివారు టోన్స్‌లీలో 2021లో 1.25 మెగావాట్ల విద్యుద్విశ్లేషణ యంత్రం పెట్టి, పక్కనున్న మిచెల్ పార్క్‌లో సుమారు 700 ఇళ్ళకు 5 శాతం హైడ్రోజన్ ఇచ్చారు. తరవాత ఆ వలయాన్ని పెంచారు. ఎక్కడా పొయ్యిలు మార్చలేదు. 20 శాతం దాకా పాత స్టవ్వు మంటకు పెద్దగా తేడా తెలియదన్నది ఈ ప్రయోగాలు తేల్చిన సంగతి. అంతకు మించితే మంట బర్నరు లోపలికి వెనక్కి దిగే ప్రమాదం పెరుగుతుంది. నూటికి నూరు శాతం హైడ్రోజన్ ఇద్దామని ఇంగ్లండులో తలపెట్టిన గ్రామాల కథ మాత్రం వేరు. విట్‌బీలో ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు. రెడ్‌కార్‌లో సరిపడా హైడ్రోజన్ దొరకలేదు. 2023లో రెండింటినీ విరమించుకున్నారు. అరవై ఏళ్ళ కిందట మెకానిక్కును లోపలికి రానిచ్చిన దేశమే ఈసారి గుమ్మంలో నిలబెట్టింది.

మన దేశంలో కలిపే పని బస్సులతో మొదలైంది. 2020 అక్టోబరులో ఢిల్లీ రాజ్‌ఘాట్ డిపోలో 50 బస్సులకు 18 శాతం హైడ్రోజన్ ఉన్న సీఎన్‌జీ నింపారు. అది సహజవాయువునే కొంత విరిచి తీసిన హైడ్రోజన్. 2022 జనవరి చివర్లో ఇండోర్‌లో గెయిల్, అవంతికా గ్యాస్ ఊరి గొట్టాల్లోకి 2 శాతం హైడ్రోజన్ వదిలాయి. అదీ గ్రీన్ కాదు. ఆ సంవత్సరమే జులై 30న కవాస్ ప్రాజెక్టుకు ప్రధాని శంకుస్థాపన చేశారు.

కవాస్‌ను కాస్త దగ్గరగా చూడటం మంచిది. హజీరాకు వెళ్ళే దారిలో ఎన్‌టీపీసీకి అక్కడ 656 మెగావాట్ల గ్యాసు విద్యుత్ కేంద్రం ఉంది. ఖరీదైన గ్యాసుతో కరెంటు తీస్తే కొనేవాళ్ళు కరువు కావడంతో దేశంలోని ఇలాంటి కేంద్రాలన్నిటి లాగే అదీ చాలాకాలం సగం నిద్రలోనే ఉంది. ఆ కేంద్రపు జలాశయం మీద తేలే సౌర ఫలకాలు ముందే పరిచి ఉన్నాయి, 1 మెగావాట్ సామర్థ్యంతో. ఆ కరెంటుతో అక్కడి నీటినే శుద్ధి చేసి విడగొడతారు. కిలో హైడ్రోజన్‌కు సుమారు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి, కనీసం 9 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. వచ్చిన హైడ్రోజన్‌ను కొలిచి, సహజవాయువు పాళ్ళకు సరిపోయేట్టు ఒక మిశ్రమ పేటికలో కలిపి, ఆదిత్యనగర్‌లోని ఉద్యోగుల ఇళ్ళకు వెళ్ళే గొట్టంలోకి వదులుతారు. ఆ గొట్టంలో గ్యాసు పంపేది గుజరాత్ గ్యాస్. నియంత్రణ మండలి మొదట 5 శాతానికి అనుమతి ఇచ్చింది, తరవాత 8 శాతానికి. దశలవారీగా 20 దాకా వెళ్ళాలన్నది ఆలోచన. గ్యాసు వదలడానికి ముందే ఆ కాలనీవాసులను కూర్చోబెట్టి ఏమి కలుపుతున్నారో, పొయ్యికి ఏమవుతుందో వివరించారు. కాలనీలో ఉన్నది కరెంటు, గ్యాసు వ్యవహారం తెలిసిన కుటుంబాలు. అంతకన్నా తేలికైన చోటు దేశంలో ఇంకోటి దొరకదు. ఆరంభానికి అది సరైన ఎంపికే. కాని ఆదిత్యనగర్ ఒప్పుకుంది గనక అమీర్‌పేట కూడా ఒప్పుకుంటుందని లెక్క వేయకూడదు.

ఒక ఇంటి వైపు నుంచి చూస్తే పెద్ద తేడా ఏమీ కనబడదు. గోడ మీద మీటరు అదే, పసుపు గొట్టం అదే, మంట నీలం. లీకైతే తెలియడానికి కలిపే మెర్కాప్టాన్ వాసన కూడా అదే. తేడా ఉన్నది అంకెల్లో. ఘనపు మీటరు లెక్కన హైడ్రోజన్‌లో ఉండే వేడి మీథేన్‌లో ఉండేదాని మూడో వంతు కన్నా తక్కువ. అందువల్ల గొట్టంలో 5 శాతం హైడ్రోజన్ ఉంటే పొయ్యికి వచ్చే వేడిలో దాని వాటా ఒకటిన్నర శాతానికి కాస్త ఎక్కువ. కర్బనం ఆదా కూడా అంతే. 20 శాతం కలిపినా ఆదా 7 శాతమే. పాళ్ళు చూస్తే ఘనంగా ఉంటుంది, లాభం చూస్తే చిన్నదైపోతుంది. అది ఎవరి తప్పూ కాదు, వాయువుల స్వభావం. పైగా కరెంటుతో నీటిని విడగొట్టేటప్పుడు కొంత, మళ్ళీ వంటింట్లో కాల్చేటప్పుడు కొంత శక్తి పోతుంది. ఆ కరెంటును తిన్నగా ఇండక్షన్ పొయ్యికి ఇస్తే వచ్చే వంట ఎంతో ఎక్కువ. ఇది గ్యాసు కంపెనీల సభల్లో పెద్దగా వినబడని లెక్క.

గొట్టాల్లోనూ చిక్కులున్నాయి. ఊరి లోపలి పాలిథిలీన్ గొట్టాలు హైడ్రోజన్‌ను బాగానే తట్టుకుంటాయి. ఊరి బయటి ఉక్కు గొట్టాల్లో, ఎక్కువ పీడనం కింద, హైడ్రోజన్ ఉక్కు లోపలికి చొరబడి దాన్ని పెళుసుగా మార్చగలదు. అతి చిన్న అణువు గనక సందు దొరికితే ముందు జారుకునేదీ అదే. గాలిలో దాని పాలు 4 నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా అంటుకుంటుంది, మీథేన్‌కు ఆ పరిధి 5 నుంచి 15 మాత్రమే. ఇంకో చిక్కు మన దేశంలో మరీ ముఖ్యం. ఊరి గ్యాసు గొట్టం వంటిళ్ళకు మాత్రమే కాదు, సీఎన్‌జీ బంకులకూ వెళ్తుంది. ఉక్కు సిలిండర్లలో నింపే సీఎన్‌జీలో హైడ్రోజన్ 2 శాతం మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. కవాస్ కాలనీలో బంకు లేదు గనక ఆ బెడద లేదు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఆటోలు, బస్సులు, వంటిళ్ళు ఒకే వల మీద ఆధారపడ్డాయి. అక్కడ పాళ్ళు పెంచాలంటే వలనే విడదీయాలి. అందుకే 2024 నాటికి అహ్మదాబాద్ శాంతిగ్రామ్‌లో అదానీ టోటల్ గ్యాస్ సుమారు 4,000 మంది వినియోగదారులకు ఇచ్చిన మిశ్రమంలో పాలు 2 శాతానికి కాస్త పైనే ఆగిందంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల సామర్థ్యం దాని గమ్యం. ఆ తరవాత విజయపూర్‌లో, హెచ్‌వీజే గొట్టం మలుపు తిరిగే చోటనే, గెయిల్ 10 మెగావాట్ల విద్యుద్విశ్లేషణ కేంద్రం పెట్టింది. 2025 జనవరి 8న విశాఖలో శంకుస్థాపన జరిగిన పూడిమడక హబ్‌లో ఎన్‌టీపీసీ రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తలపెట్టింది. కవాస్‌లో హైడ్రోజన్ కలిపి చేయి తిరిగిన సంస్థే పూడిమడకలో ఆ స్థాయికి సిద్ధమవుతోంది. కవాస్ వల్ల తగ్గిన కర్బనం కన్నా అక్కడ నేర్చుకున్న పని విలువైనదని నేననడం అందుకే. కలపడం, కొలవడం, ఇంటివాళ్ళకు చెప్పి ఒప్పించడం, నియంత్రణ మండలితో కాగితాలు నడపడం గ్రీన్ హైడ్రోజన్ విషయంలో అక్కడే మొదటిసారి జరిగాయి.

ఇక అసలు గిరాకీ నంగల్ దారిలోనే కనబడుతోంది. కాకినాడలో నాగార్జున ఫెర్టిలైజర్స్ 1992 నుంచి కృష్ణా–గోదావరి గ్యాసును విరిచి హైడ్రోజన్ తీసి, దానితో అమ్మోనియా, అందులోంచి యూరియా చేసింది. ఆ పాత కర్మాగారపు స్థలంలోనే గ్రీన్‌కో వ్యవస్థాపకుల ఏఎం గ్రీన్ సంస్థ ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియాకు పెట్టుబడి నిర్ణయం తీసుకుంది. దానికి మీథేన్ అక్కర్లేదు. గాలి, సూర్యుడు ఇచ్చే కరెంటు కావాలి, ఆ కరెంటు లేని వేళలకు పిన్నాపురం వంటి చోట కొండమీదికి తోడి, కిందికి వదిలి కరెంటు తీసే నీళ్ళు కావాలి. ఆ అమ్మోనియాను ఓడలకెక్కించి ఐరోపాకు పంపాలని చూస్తున్నారు. గాడిమొగ నుంచి భరూచ్ వెళ్ళే గొట్టంలో మాత్రం ఇప్పటికీ పారుతున్నది సహజవాయువే.